పలెర్మోలో మూడు రోజులు: అమ్మ శాకాహారి, నాన్న దేనికైనా సై. బండి తిండి సంగతి చెప్పండి

కాకినాడ_కాజా | సెప్టెంబర్ 3, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మేం స్టుట్‌గార్ట్‌లో ఉంటాం. అమ్మానాన్నలు వచ్చి నెల అయింది. పారిస్, స్విట్జర్లాండ్ అయిపోయాయి. పారిస్‌లో నాలుగు రోజులూ అమ్మకి బ్రెడ్డు, అరటిపళ్లు, హోటల్ గదిలో చిన్న కుక్కర్‌లో వండుకున్న పెరుగన్నం. ఐఫిల్ టవర్ ఎలా ఉందమ్మా అంటే "బాగానే ఉంది గానీ, ఇంత జనం వచ్చే చోట ఒక్క బజ్జీల బండి లేదేంట్రా" అంది.

అందుకని ఈసారి బండి తిండి ఉన్న ఊరే వెతికి, అక్టోబర్ రెండో వారానికి పలెర్మోకి టికెట్లు తీశాను. ఇటలీకి చెందిన సిసిలీ ద్వీపంలో ఉంది. వీధి తిండి అంటే అదేనని ఆఫీసులో ఇటలీ అతను ఒకటే ఊదరగొట్టాడు. తీరా టికెట్లు తీశాక చదివితే పేగులు, ప్లీహం, ఆక్టోపస్! నాన్నకి ఇబ్బంది లేదు. రైల్వేలో ముప్ఫై అయిదేళ్లు చేసిన మనిషి, ఏ స్టేషన్‌లో ఏది దొరికితే అది తిన్నారు. అమ్మ గుడ్డు కూడా ముట్టదు.

మూడు రోజులు చాలా? అమ్మ ఏం తినాలి? నాన్న మోకాళ్లు అంత బాగా లేవు, ఎక్కువ మెట్లుంటే కష్టం. వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి.

మ్యూనిక్_మామ | సెప్టెంబర్ 3, రాత్రి 10:15

కాజా గారూ, టెన్షన్ పడకండి. మీ అమ్మగారికి ఒక్క మాట చెప్పండి, శనగపిండి. ఆవిడే నడిపించుకుని వెళ్తారు మిమ్మల్ని.

పలెర్మోలో పనెల్లే అంటారు. శనగపిండి, నీళ్లు, ఉప్పు, కాస్త పార్స్‌లీ ఆకు. అంతే. పేరు వినగానే బజ్జీ అనుకుంటాం, కాదు. పిండిని ముందు నీళ్లలో కలిపి పొయ్యి మీద పెట్టి, ఉండ కట్టకుండా సంగటి కెలికినట్టు కెలుకుతూనే ఉంటారు. గిన్నె అంచు వదిలి ముద్దయ్యాక వేడి మీదే పల్చగా పరిచి ఆరనిస్తారు. ఆరాక ముక్కలు కోసి నూనెలో వేస్తారు. పైన కరకర, లోపల మెత్తగా జున్నులా. నువ్వులద్దిన గుండ్రటి రొట్టెని మధ్యకి చీల్చి అయిదారు ముక్కలు లోపల కుక్కి, నిమ్మకాయ పిండి, కాగితంలో చుట్టి చేతికిస్తారు. నేను వెళ్లినప్పుడు మూడు యూరోలు కూడా కాలేదు. రెండు తింటే మధ్యాహ్నం భోజనం అయిపోయినట్టే.

పక్కనే బంగాళాదుంప ముద్దతో చేసిన వేళ్లంత వేపుళ్లు కూడా ఉంటాయి, క్రొకే అంటారు. వాటికి అక్కడ ఇంకో నాటు పేరు ఉంది, దాని అర్థం మాత్రం అమ్మగారి ముందు అడక్కండి.

ఉప్పు_తక్కువ | సెప్టెంబర్ 4, ఉదయం 7:05

మామగారు చెప్పింది నిజమే, పనెల్లే నూటికి నూరు పాళ్లు శాకాహారం. నేను మిలాన్‌లో తొమ్మిదేళ్లుగా ఉన్నాను, నేనూ గుడ్డు తినను. అందుకని దెబ్బ తిని నేర్చుకున్నవి చెప్తాను, రాసి పెట్టుకోండి.

అరంచినా అని గుండ్రటి అన్నం ఉండ ఉంటుంది. కుంకుమపువ్వు వేసిన అన్నం మధ్యలో కూర పెట్టి, ఉండ చేసి, బ్రెడ్ పొడి అద్ది వేయిస్తారు. అద్దాల వెనక రెండు రకాలు కనిపిస్తాయి. ఒకటి మాంసం. రెండోది "అల్ బుర్రో", అంటే వెన్నది. మనవాళ్లందరూ అక్కడే పడిపోతారు. వెన్నది అంటే శాకాహారం అనుకుంటాం, లోపల చీజ్‌తో పాటు పంది మాంసం పలచటి ముక్కలు ఉంటాయి. నేను సగం తిన్నాక తెలిసింది. పాలకూరది దొరుకుతుంది, కానీ అడిగి తీసుకోండి, పైపూతలో గుడ్డు పడిందా అని కూడా.

స్ఫిన్చోనే అని మందపాటి మెత్తటి రొట్టె, మీద టమాటా, ఉల్లి, చీజ్, బ్రెడ్ పొడి. చూడ్డానికి అమాయకంగా ఉంటుంది. టమాటా ముద్దలో ఉప్పు చేపలు కరిగిపోయి ఉంటాయి, కంటికి కనపడవు. దాన్ని దూరం పెట్టండి.

కన్నోలి అని తీపి చీజ్ ముద్ద నింపిన గొట్టం మిఠాయి ఉంటుంది. ఆ గొట్టం పిండిలో పాతకాలం పద్ధతిలో పంది కొవ్వు వేస్తారు. కొన్ని చోట్ల వేయరు. "స్త్రుత్తో?" అని అడిగితే చాలు, ఉందో లేదో తలూపి చెప్తారు. క్రొకేలో కూడా కొందరు గుడ్డు కలుపుతారు. గ్రనీతా అని మంచు తురుము లాంటిది ఉంటుంది, దాన్ని బ్రియోష్ అనే మెత్తటి రొట్టెతో తింటారు. ఆ రొట్టెలో గుడ్డు తప్పనిసరి, కాబట్టి గ్రనీతా ఒక్కటే తీసుకోండి. నిమ్మ గ్రనీతా అంటే నీళ్లు, చక్కెర, నిమ్మరసం, అంతే.

కపోనాతా మాత్రం మీ అమ్మగారికి రాసిపెట్టి ఉంది. వేయించిన వంకాయ ముక్కలు, సెలరీ, ఆలివ్‌లు, టమాటా, వెనిగర్, చక్కెర. పులుపూ తీపీ కలిసి, మన వంకాయ పులుసుకి దూరపు చుట్టంలా ఉంటుంది.

సీమ_కారం | సెప్టెంబర్ 4, ఉదయం 8:30

అమ్మ సంగతి అయిపోయింది కదా, ఇక నాన్న సంగతి నాకు వదిలెయ్యన్నా.

పాని కా మెవుసా. ఇది తినకుండా పలెర్మో వెళ్లొచ్చానంటే నేను ఒప్పుకోను. దూడ ప్లీహం (మటన్ కొట్టువాడు తిల్లీ అంటాడు చూడు, అదే), ఊపిరితిత్తి ముందు ఉడకబెడతారు. పల్చగా తరిగి, వంపు మూకుడులో పంది కొవ్వులో వేడి చేస్తారు. మూకుడు వాలుగా ఉంటుంది, ముక్కలన్నీ పై గట్టున, కొవ్వు కింద గుంటలో. ఎవరైనా అడిగితే కొన్ని ముక్కలు కిందకి లాగి, వేడెక్కాక గరిటెతో నొక్కి పిండి, రొట్టెలో పెట్టి ఇస్తారు.

అసలు మజా ఏంటంటే వాడు అడుగుతాడు, "స్కెత్తు? మరితాతు?" అని. అంటే పెళ్లికానిదా, పెళ్లయినదా! నిమ్మకాయ ఒక్కటే పిండితే బ్రహ్మచారి. రికోత్తా అనే మెత్తటి చీజ్, తురిమిన గట్టి చీజ్ వేస్తే పెళ్లయినట్టు. నేను బ్రహ్మచారినే తిన్నా, రుచి కోసం కాదు, సంఘీభావం కోసం.

స్టిగ్గియోలా కూడా ఉంటుంది. గొర్రె పేగులు కడిగి ఉల్లికాడల చుట్టూ చుట్టి బొగ్గుల మీద కాలుస్తారు. వీధి చివర పొగ కనపడితే అదే. బోటి ఇష్టపడేవాళ్లు అటు వెళ్లండి, మిగతావాళ్లు గాలి ఎటు వీస్తోందో చూసి నిలబడండి.

మ్యూనిక్_మామ | సెప్టెంబర్ 4, ఉదయం 9:10

పాని కా మెవుసాకి ఒక కథ చెప్తారు అక్కడ. పాతకాలంలో అక్కడి యూదు కసాయివాళ్లు పశువుని కోసినందుకు డబ్బు తీసుకోకూడదట, మతం ఒప్పుకోదు. కూలికి బదులు లోపలి అవయవాలు తీసుకునేవాళ్లట. వాటిని వండి అమ్ముకుంటే ఇదయ్యిందని. కథ సంగతి పక్కన పెడితే, ఆ పాత యూదుల పేటలో వీధి పేర్ల పలకలు ఇప్పటికీ మూడు లిపుల్లో ఉంటాయి, ఇటాలియన్, హీబ్రూ, అరబిక్. మెవుసా తింటూ ఆ వీధుల్లో తిరగండి.

కాకినాడ_కాజా | సెప్టెంబర్ 4, రాత్రి 8:50

అబ్బ, ఒక్క రోజులో ఇంత! అందరికీ థాంక్స్. ఉప్పు_తక్కువ గారూ, మీ పోస్టు ప్రింట్ తీసి అమ్మకి ఇచ్చాను. కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివి "ఈ అమ్మాయి ఎవరో గానీ నిజంగా తినే మనిషి" అంది.

చూసేవి కూడా చెప్పండి. చర్చిలు చూసి చూసి నాన్నకి విసుగొచ్చింది, "అన్నీ ఒకలాగే ఉన్నాయి" అంటున్నారు.

పాత_పటం | సెప్టెంబర్ 4, రాత్రి 11:30

నాన్నగారితో చెప్పండి, ఇవి ఒకలాగే ఉండవు.

పలెర్మో 831లో అరబ్బుల చేతికి వచ్చింది. 1072లో నార్మన్లు గెలిచారు, అంటే ఉత్తరాన ఫ్రాన్స్ వైపు నుంచి దిగిన పోరాటగాళ్లు. గెలిచినవాడు ఓడినవాడి గుర్తులు చెరిపేయడం మామూలే కదా. వీళ్లు ఆ పనివాళ్లనే కొలువులో పెట్టుకున్నారు. 1130లో రాజైన రెండో రోజర్ తన కోటలో కట్టించుకున్న గుడి పేరు కప్పెల్లా పలతీనా. గోడల మీద గ్రీకు పద్ధతిలో బంగారు గాజు ముక్కల బొమ్మలు, మీద అరబ్బు పనివాళ్లు చెక్కిన చెక్క కప్పు. తేనెపట్టు గదుల్లా కిందకి వేలాడుతుంది. ఆ గదుల్లో బొమ్మలు, సంగీతం వాయించేవాళ్లవి, కప్పులతో తాగేవాళ్లవి, ఆడేవాళ్లవి. క్రైస్తవ రాజు గుడి కప్పు మీద! అవి చిన్నవి, చీకట్లో ఉంటాయి, కంటికి అందవు. చిన్న బైనాక్యులర్ ఉంటే తీసుకెళ్లండి. నేను తీసుకెళ్లలేదు, ఇప్పటికీ బాధే.

రోజర్ కొలువులోనే అల్ ఇద్రీసీ అనే అరబ్బు భూగోళ పండితుడు 1154లో ప్రపంచ పటం పూర్తి చేశాడు. దాంట్లో దక్షిణం పైన ఉంటుంది. నా ఈ పేరు అక్కడి నుంచే.

అదే కోటలో ఇంకో విశేషం. మేడ మీద ఖగోళశాల ఉంది. 1801 జనవరి 1న పియాత్సి అనే ఆయన సెరీస్ అనే మరుగుజ్జు గ్రహాన్ని కనిపెట్టింది అక్కడి నుంచే. కొత్త సంవత్సరం రాత్రి అందరూ పడుకుంటే ఆయన దుర్బిణి దగ్గర కూర్చున్నాడు. పెద్ద చర్చి నేల మీద ఎండ పడి మధ్యాహ్నం చూపించే ఇత్తడి గీత గీయించింది కూడా ఆయనే. ఆ చర్చి దక్షిణం వైపు గుమ్మం దగ్గర ఒక స్తంభం మీద ఖురాన్ వాక్యం చెక్కి ఉంటుంది, ఎడమ పక్కన చూడండి. జనం తలెత్తకుండా లోపలికి వెళ్లిపోతారు.

క్వాత్రో కాంతి అనే నాలుగు రోడ్ల కూడలి, దాని పక్కనే నగ్న విగ్రహాల ఫౌంటెన్. ఆ ఫౌంటెన్ ఫ్లోరెన్స్‌లో ఒకరి తోట కోసం చేయించింది, తర్వాత ఊరివాళ్లు కొని ముక్కలుగా ఓడలో తెప్పించుకున్నారు. తెచ్చాక ఆ బట్టల్లేని బొమ్మలు చూసి సిగ్గుల చౌకు అని పేరు పెట్టారు. పక్క వీధిలోనే సాన్ కతాల్దో చర్చి, మూడు ఎర్ర గుమ్మటాలతో. దూరం నుంచి చూస్తే దర్గా అనుకుంటాం.

మోన్రియాలే అనే చిన్న ఊరు పలెర్మో బయట కొండ మీద. కోట పక్కనే ఉన్న పియాత్సా ఇందిపెందెంత్సా అనే చౌకు నుంచి 389 నంబరు బస్సు. నాన్నగారు మెట్లు ఎక్కక్కర్లేదు, బస్సు పైదాకా పోతుంది, కానీ దిగాక కొంచెం ఎత్తు నడక ఉంది. అక్కడి చర్చి గోడలన్నీ బంగారం. పక్కన మఠం వరండాలో 228 స్తంభాలు, జంటలు జంటలుగా. చాలా తలకట్ల మీద ఒక్కో కథ. మన గుళ్లలో స్తంభాలు చూస్తూ తిరిగే అలవాటు ఉన్నవాళ్లకి అక్కడ పూట గడిచిపోతుంది.

ఈ నార్మన్ కట్టడాలు తొమ్మిదింటిని 2015లో యునెస్కో జాబితాలో చేర్చారు. మోన్రియాలే చర్చి, చెఫలూ అనే ఇంకో ఊరి చర్చి కూడా వాటిలోవే.

ఓరుగల్లు_అక్క | సెప్టెంబర్ 5, ఉదయం 10:20

చరిత్ర బాగుంది గానీ, జేబు సంగతి ఎవరూ చెప్పట్లేదు. మేం నిరుడు వెళ్లినం. ఒక బజారులో మంచు మీద చేపలు, రొయ్యలు పరిచి పెట్టి ఉన్నయ్. "మీరు చూపించండి, మేం వేయించి ఇస్తాం" అన్నరు. పలక మీద 6 యూరోలు అని ఉంది. నలుగురం కదా అని ఇది, అది, ఇంకొంచెం అని చూపించినం. బిల్లు 94 యూరోలు! మా ఆయన ముఖం చూడాలె మీరు.

తర్వాత తెలిసింది, పలకలో 6 పక్కన "ఎత్తో" అని చిన్నగా రాసి ఉంది. ఎత్తో అంటే 100 గ్రాములు. కిలో 60 అన్నమాట. వాళ్లు మోసం చేసినట్టు కూడా కాదు, రాసే ఉంది. మేమే చదవలేదు. కానీ చెప్పొచ్చు కదా? తూకం వేసేటప్పుడు ఒక్క మాట అనొచ్చు కదా?

ఉప్పు_తక్కువ | సెప్టెంబర్ 5, ఉదయం 10:45

అక్కా, నాకు వచ్చిన మొదటి వారంలో చీజ్ కొట్లో ఇదే జరిగింది. ఇటలీ అంతా ఎత్తో లెక్కే. తూకం వేసేముందు "క్వాంతో?" అని, అంటే ఎంత అని అడగండి, కాగితం మీద రాసి చూపిస్తారు. కూర్చుంటే మనిషికి ఒకటో రెండో యూరోలు "కోపెర్తో" అని కూడా వేస్తారు, బల్ల ఖర్చు. నిలబడి తింటే అది ఉండదు. కొన్ని చోట్ల ముందు గల్లా దగ్గర డబ్బు కట్టి చీటీ తెచ్చుకుని కౌంటర్‌లో ఇవ్వాలి, మన టిఫిన్ సెంటర్ల టోకెన్ లాగే.

దారి_తప్పినవాడు | సెప్టెంబర్ 5, మధ్యాహ్నం 1:15

కారు అద్దెకి తీసుకోవద్దు. పాత ఊళ్లో అనుమతి లేని కార్లు వెళ్లకూడని వీధులు ఉంటాయి, కెమెరాలు పెడతారు. నాకు మూడు నెలల తర్వాత ఇంటికి జరిమానా కాగితం వచ్చింది. ఒకే వీధిలో రెండుసార్లు తిరిగాను, రెండు జరిమానాలు. నా పేరు చూశారుగా.

కొత్త_చెప్పులు | సెప్టెంబర్ 5, సాయంత్రం 6:00

ఒక ప్రశ్న, ఏమీ అనుకోకండి. అక్కడ మాఫియా అంటారు కదా. పెద్దవాళ్లని తీసుకెళ్లడం క్షేమమేనా?

పాత_పటం | సెప్టెంబర్ 5, రాత్రి 10:05

జేబుదొంగల గురించి జాగ్రత్త పడండి, బజారులో, బస్సులో. మాఫియా యాత్రికుల జోలికి రాదు. దాని భారం మోసింది ఆ ఊరివాళ్లు.

మీరు దిగే విమానాశ్రయం పేరే ఫల్కోనే, బోర్సెల్లీనో. ఇద్దరూ మాఫియా మీద కేసులు నడిపిన న్యాయాధికారులు. 1992 మే 23న విమానాశ్రయం నుంచి ఊళ్లోకి వచ్చే రోడ్డు కింద బాంబు పెట్టి ఫల్కోనేని, ఆయన భార్యని, రక్షణగా వచ్చిన ముగ్గురు పోలీసుల్ని చంపారు. జూలై 19న బోర్సెల్లీనోని, అయిదుగురు పోలీసుల్ని. ఫల్కోనే మీద బాంబు పేలిన కపాచి దగ్గర రోడ్డుకి రెండు పక్కలా ఎర్ర స్తంభాలు కనిపిస్తాయి, బస్సులో వెళ్తూనే చూడొచ్చు.

2004లో కొందరు కుర్రాళ్లు అద్దియోపిత్సో అని మొదలుపెట్టారు. మాఫియాకి మామూళ్లు కట్టం అని ఒప్పుకున్న దుకాణాల తలుపుల మీద వాళ్ల స్టిక్కర్ ఉంటుంది. నేను వీలైనంతవరకు ఆ స్టిక్కర్ చూసి తింటాను. గాడ్‌ఫాదర్ బొమ్మల టీషర్టులు బజారునిండా అమ్ముతారు, దయచేసి కొనకండి.

మ్యూనిక్_మామ | సెప్టెంబర్ 6, ఉదయం 8:00

కాజా గారూ, మీ నాన్నగారు రైల్వే అన్నారు కదా. వెళ్లేటప్పుడు విమానంలో వెళ్లండి, వచ్చేటప్పుడు పలెర్మో నుంచి రోమ్‌కి పగటి రైలు ఎక్కండి. పన్నెండు గంటలు పడుతుంది, నడుం నొప్పి వస్తుంది, అయినా ఎక్కండి. మెస్సీనా దగ్గర సముద్రం అడ్డం. వంతెన లేదు. బోగీలు విడదీసి, మనుషులు లోపల ఉండగానే, రైలు మొత్తాన్ని ఓడ పొట్టలోకి తోస్తారు. ఓడలో పట్టాలుంటాయి!

సీమ_కారం | సెప్టెంబర్ 6, ఉదయం 8:20

ఆ ఓడ మేడ మీద బార్‌లో వేడి అరంచినో దొరుకుతుంది. రైలు మింగిన ఓడలో నేను అరంచినో మింగాను.

ఉప్పు_తక్కువ | సెప్టెంబర్ 6, ఉదయం 8:31

పలెర్మోలో అరంచినా, ఆడది, గుండ్రంగా. మెస్సీనా, కతానియా వైపు అరంచినో, మగవాడు, చాలాచోట్ల మొన తేలి ఉంటాడు. పలెర్మోలో నోరు జారి అరంచినో అనకండి. గోంగూర, పుంటికూర గొడవ కంటే పెద్దది.

ఓరుగల్లు_అక్క | సెప్టెంబర్ 6, ఉదయం 9:02

పుంటికూరే కరెక్ట్.

మోడరేటర్ | సెప్టెంబర్ 6, ఉదయం 11:40

గోంగూర మీద వచ్చిన పదిహేడు పోస్టులు వేరే చర్చకి మార్చాం. ఇక్కడ పలెర్మో ఒక్కటే.

కాకినాడ_కాజా | అక్టోబర్ 19, సాయంత్రం 5:30

వెళ్లొచ్చాం. పెద్ద పోస్టు, ఓపిక ఉంటే చదవండి.

మొదటి రోజు కోట, గుడి. పాత_పటం గారూ, బైనాక్యులర్ తీసుకెళ్లాను. నాన్న చేతికిస్తే అరగంట ఇవ్వలేదు. "ఒరేయ్, అక్కడ ఒకడు చదరంగం ఆడుతున్నాడు" అని చిన్నపిల్లాడిలా పిలిచారు. వెనక జర్మన్ దంపతులు నిలబడి ఉన్నారు, చివరికి బైనాక్యులర్ వాళ్లకీ ఇచ్చి, కూర్చోబెట్టి తెలుగులోనే వివరించారు. ఆ తర్వాత "అన్నీ ఒకలాగే ఉన్నాయి" అనలేదు.

రెండో రోజు బల్లరో బజారు. పొద్దున తొమ్మిదికే వెళ్లాం. మీదంతా ఎర్ర గుడ్డల పందిళ్లు, కింద ఆ ఎర్రదనంలో వంకాయలు, కత్తిచేప తల, ఉప్పు నీళ్లలో ఆలివ్‌లు. అమ్మేవాళ్ల కేకలు. అమ్మ ఒక్క క్షణం ఆగి "ఇది మన మెయిన్ రోడ్డు సంతలా ఉందిరా" అంది, అప్పుడు చూశాను ఆవిడ ముఖం వెలగడం.

పనెల్లే బండి దగ్గర నలభై నిమిషాలు. తినడానికి పది నిమిషాలు, చూడ్డానికి ముప్ఫై. అతను ముందే సగం వేయించి గుట్టగా పెట్టుకున్నాడు, ఎవరైనా అడిగితే మళ్లీ నూనెలో వేసి తీస్తున్నాడు. "చూశావా, మన మిరపకాయ బజ్జీల వాడి పద్ధతే" అంది అమ్మ. తర్వాత ఒక ముక్క వెలుతురుకి ఎత్తి పట్టుకుని, వేళ్లతో నొక్కి, "నూనె పీల్చలేదు. పిండి ముందే ఉడికింది కదా, అందుకు" అని తనే జవాబు చెప్పుకుంది. ఉప్పు సరిపోయిందట. పచ్చిమిర్చి లేకపోవడం ఒక్కటే లోపం. మూడు రోజుల్లో అయిదు పనెల్లే రొట్టెలు తింది. కుక్కర్ సూట్‌కేస్‌లోంచి బయటికే రాలేదు.

ఇంకో వింత. బండి మీద ముళ్ల పండ్లు అమ్ముతున్నారు, పసుపు, ఎరుపు. పేరు చూస్తే "ఫీకి దిందియా", ఇండియా అత్తిపండ్లు! చూస్తే మన చేల గట్ల మీద ఉండే నాగజెముడు కాయ. ఇండియాది కాదు, మెక్సికో నుంచి వచ్చిందట. ఆయన చేతికి ముల్లు తగలకుండా ఫోర్కుతో గుచ్చి, రెండు చివర్లు కోసి, నిలువుగా ఒక గాటు పెట్టి, తొక్క దుప్పటిలా విప్పేశాడు. నాన్న చిన్నప్పుడు బళ్లోంచి వస్తూ ఇవి తిని నాలుక ఎర్రగా చేసుకుని దెబ్బలు తిన్నారట. ఈ కథ నాకు ముప్ఫై ఎనిమిదేళ్లలో ఎప్పుడూ చెప్పలేదు.

నాన్న మెవుసా తిన్నారు. "స్కెత్తు, మరితాతు" అర్థం చెప్తే అమ్మ వైపు చూసి "పెళ్లయినదే ఇమ్మను" అన్నారు. సగం తిన్నాక "తిల్లీ బాగుంది, మసాలా మర్చిపోయారు" అని తీర్పు.

మూడో రోజు మోన్రియాలే. బస్సు ముప్పావు గంట ఆలస్యం, నిలబడే వెళ్లాం. పైన చూశాక ఆ కోపం పోయింది. మధ్యలో ఒక చిన్న విషయం జరిగింది, అది చివర్న చెప్తాను.

రైలు, ఓడ: మామగారూ, మీకు నాన్న తరఫున దండం. బోగీలు విడదీస్తుంటే ఆయన కిటికీకి అతుక్కుపోయారు. తోసేటప్పుడు ఎక్కడ బ్రేకు వేస్తారో, ఓడలో చక్రాలకి ఏం అడ్డం పెడతారో, అన్నీ. "గోదావరి మీద వంతెన కట్టక ముందు మనకీ పడవ దాటింపే ఉండేది" అన్నారు. మేడ మీదకి వెళ్లి సముద్రం చూద్దామంటే రానంటారు, కింద రైలు పక్కనే నిలబడతానంటారు. అక్కడ ఉండనివ్వలేదు, అది వేరే గొడవ.

ఇక ఆ చిన్న విషయం. బస్సు దిగి ఊళ్లోకి వస్తుంటే మూడు చక్రాల బండి ఒకటి, మైకులో రికార్డు పెట్టుకుని అమ్ముతోంది. ఆ బండి ఏంటో తెలుసా? మన ఆపే ఆటో! అక్కడివాళ్లు లాపా అంటారు. ఆపే అంటే తేనెటీగ అట, 1948 నుంచీ ఉందట. అమ్మకి దాన్ని చూస్తే ఎంత సంతోషమో. ఫోటోలు తీశాం. వేడి రొట్టె, టమాటా, ఉల్లి. అమ్మ అడిగింది, నేను కొన్నాను. అమ్మ ఒక ముక్క తిన్నాక నాకు గుర్తొచ్చింది. అది స్ఫిన్చోనే.

అమ్మకి చెప్పలేదు. ఇప్పటికీ చెప్పలేదు. మీరు ఎవరూ చెప్పకండి.

ఉప్పు_తక్కువ | అక్టోబర్ 19, సాయంత్రం 6:10

ప్రింట్ తీసి చేతిలో పెట్టారు, అయినా! పొరపాటు ఎవరికైనా జరుగుతుంది, నాకూ జరిగింది. దాచడం మాత్రం బాగాలేదు కాజా గారూ. ఆవిడ తినేదేంటో తెలుసుకునే హక్కు ఆవిడదే కదా.

సీమ_కారం | అక్టోబర్ 19, సాయంత్రం 6:25

వదిలెయ్యక్కా. తెలియక తిన్నది దోషం కాదంటారు. చెప్పి ఆవిడని ఎందుకు బాధపెట్టడం?

ఉప్పు_తక్కువ | అక్టోబర్ 19, సాయంత్రం 6:40

ఆవిడకి తెలియదు, సరే. ఈయనకి తెలుసు కదా.

మ్యూనిక్_మామ | అక్టోబర్ 19, రాత్రి 7:55

నేనైతే చెప్పేవాణ్ణి. తిట్లు తిని ఊరుకునేవాణ్ణి.

అన్నట్టు ఆ మైకులో రికార్డు అర్థం తెలుసా? పలెర్మో అంతా ఒకే పాత కేక. "ఇప్పుడే పొయ్యిలోంచి తీశా, ఇప్పుడే" అని మొదలుపెట్టి, "నూనె తక్కువ, దుమ్ము ఎక్కువ" అని తన సరుకుని తనే వెక్కిరించుకుంటాడు. జనం నవ్వుకుంటూ కొంటారు.

కాకినాడ_కాజా | అక్టోబర్ 21, రాత్రి 9:15

చెప్పాను. నిన్న రాత్రి, గిన్నెలు కడుగుతుంటే.

అమ్మ వెనక్కి తిరగకుండానే "నాకు అప్పుడే తెలుసురా" అంది. "చేప వాసన నాకు తెలియదా? మీ నాన్నకి నలభై ఏళ్లు వండి పెట్టాను. రెండో ముక్క ముట్టుకున్నానా చూడు. మీ ముఖాలు చూసి ఊరుకున్నాను, నువ్వెప్పుడు చెప్తావో చూద్దామని." తర్వాత గ్లాసు నా చేతికిచ్చి తుడవమంది.

ఉప్పు_తక్కువ గారూ, మీకు చెప్పమంది: మీ కాగితం పర్సులోనే ఉందట, తప్పు కొడుకుదేనట.

ఓరుగల్లు_అక్క | అక్టోబర్ 21, రాత్రి 9:40

అమ్మకి నమస్కారాలు. పనెల్లే ఇంట్లో చేశారా? కొలత చెప్పండి.

కాకినాడ_కాజా | అక్టోబర్ 22, ఉదయం 7:30

రెండుసార్లు చేసింది అక్కా. మొదటిసారి ముద్ద జారిపోయింది. రెండోసారి కుదిరింది. ఒక కప్పు శనగపిండికి మూడు కప్పుల నీళ్లు కొంచెం తక్కువగా. చన్నీళ్లలోనే కలిపి వడకట్టి, ఆ తర్వాతే పొయ్యి మీద పెట్టాలి. ఇరవై నిమిషాలు చెయ్యి ఆపకూడదు. నూనె రాసిన పళ్లెం వెనక వైపు పరవాలి, ముందు వైపు కాదు, అప్పుడే అంచులు పల్చగా వస్తాయి. పూర్తిగా చల్లారాక కోయాలి. పార్స్‌లీ బదులు కొత్తిమీర, సన్నగా తరిగిన పచ్చిమిర్చి, చిటికెడు వాము. నాన్న దాన్ని పలెర్మో బజ్జీ అంటున్నారు.

సీమ_కారం | అక్టోబర్ 22, ఉదయం 8:05

అన్నా, ఈ చర్చ చదివి చదివి నేను మళ్లీ టికెట్ తీశా. డిసెంబర్ 13, ఒక్క రోజే, పొద్దున దిగి రాత్రికి వెనక్కి. ఒక్కటే పని, మెవుసా రొట్టె. ఈసారి పెళ్లయినదే తింటా, జనవరిలో ముహూర్తం.

ఉప్పు_తక్కువ | అక్టోబర్ 22, ఉదయం 8:12

శుభాకాంక్షలు! కానీ డిసెంబర్ 13 సెయింట్ లూసీ పండగ. 1646 కరువులో గోధుమల ఓడ వస్తే జనం పిండి పట్టే ఓపిక లేక ఉడికించుకుని తిన్నారట. అందుకని ఆ రోజు పలెర్మోలో గోధుమపిండితో చేసినవి తినరు. రొట్టె, పాస్తా బంద్. ఊరంతా అరంచినాలు, ఉడికించిన గోధుమల పాయసం.

సీమ_కారం | అక్టోబర్ 22, ఉదయం 8:14

రొట్టె ఉండదా?

ఉప్పు_తక్కువ | అక్టోబర్ 22, ఉదయం 8:15

ఉండదు.

సీమ_కారం | అక్టోబర్ 22, ఉదయం 8:31

14కి మార్చా. 45 యూరోలు ఎక్కువైంది.